తప్పులు సున్నా

లారీ పదకొండింటికి వస్తుందన్నారు. గోడ గడియారం పది దాటి ఆరు నిమిషాలు చూపిస్తోంది, అది ఎప్పుడూ నాలుగు నిమిషాలు ముందే పరుగెడుతుంది కాబట్టి ఇంకా పదీ రెండే, ఇరవై ఏళ్లుగా ఈ గదిలో ఆ నాలుగూ తీసేసి టైము చదువుకున్నది ఆమె ఒక్కతే, రేపటి నుంచి ఆ తీసివేత కూడా అక్కర్లేదు, పై అంతస్తులోని కొత్త ల్యాబులో అసలు గడియారమే లేదు. పందొమ్మిది యంత్రాల తీగలు ఊడదీసి చుట్టలు చుట్టి పెట్టింది. పనిచేసే మౌసులు ఒక అట్టపెట్టెలో, పనిచేయనివి ఇంకో అట్టపెట్టెలో. ఎలాగూ అన్నీ పాతసామాను దుకాణానికే పోతున్నప్పుడు రెండు పెట్టెలెందుకని ఆఫీసు గుమాస్తా నవ్వాడు, నవ్వనీ, మంచివాటినీ చెడ్డవాటినీ ఒకే గాటన కట్టడం ఆమెకు చేతకాదు. ఇక మిగిలింది తొమ్మిదో నంబరు. దాని మీది కవరు ఇంకా తీయలేదు. తీస్తే చూడాలి. పదకొండేళ్ల కిందట సి భాష చెప్పే మాస్టారు కాగితం మీద రాసిచ్చిన చిన్న ప్రోగ్రాము దాని కడుపులో ఉంది, తన చేత్తోనే టైపు చేసింది, జన్మలో చేసిన మొదటి ప్రోగ్రాము, చివరిదీ అదే, కాని ఒక్కసారి కూడా నడిపి చూడలేదు. అది ఏమంటుందో ఆమెకు తెలియదు. యంత్రం లారీ ఎక్కిందంటే ఇక ఎప్పటికీ తెలియదు.

కవరు అంచు పట్టుకుని నిలబడింది. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు పాత గోళ్ల రంగు. ఇరవై యంత్రాలకు ఇరవై కవర్లు, పొద్దున తీసి మడతపెట్టడం, సాయంత్రం కప్పడం, ఊడవడం, తుడవడం, రిజిస్టరు రాయడం, ఆమె ఉద్యోగం అంతే. పిల్లలకు ల్యాబక్క. ఆఫీసు కాగితాల్లో అటెండరు. మాస్టారికి మాత్రం ఇన్‌ఛార్జిగారు. మొదట్లో వెటకారం అనుకుంది, తర్వాత చూస్తే ఆ మనిషికి వెటకారం అనే విద్యే రాదు, ప్రిన్సిపాలుతో మాట్లాడినా టీ తెచ్చే మనిషితో మాట్లాడినా ఒకటే గొంతు, ఒకటే మీరు. పిల్లలు ఆయనకు సెమికోలన్ మాస్టారని పేరు పెట్టారు, గది ఆ చివర నిలబడి ఈ చివర తెర మీద ఏ వరసకైనా చివరి సెమికోలన్ లేకపోతే పట్టేసేవాడు మరి. ఆఖరి బ్యాచి వెళ్లిపోయాక ఆయన వెళ్లిపోవచ్చు, వెళ్లేవాడు కాదు. ఒకటో నంబరు దగ్గర ఆయన మొదలుపెట్టేవాడు, ఇరవైయో నంబరు దగ్గర ఆమె, కవర్లు కప్పుకుంటూ ఒకరికొకరు ఎదురు వచ్చేవాళ్లు. లెక్కప్రకారం నడిమధ్యలో కలవాలి, కలిసేవాళ్లు కాదు, ఆయనకు పని చేస్తూ మాట్లాడటం రాదు, మాట్లాడాలంటే కవరు చేతిలో పట్టుకుని ఆగిపోవాలి. ఆయన ఎనిమిది కప్పేసరికి ఆమె పదకొండు కప్పేసేది. తొమ్మిదోది ఇద్దరికీ మిగిలేది. అటు రెండు కొసలు ఆయన, ఇటు రెండు కొసలు ఆమె. "వదలమంటారా?" అనేవాడు రోజూ. "వదలండి" అనేది. అంతే. ఇదీ ఒక సంబంధమేనా అని ఎవరైనా అడిగితే, ఆరేళ్లపాటు ప్రతి సాయంత్రం గది తాళం వేసి వెళ్లేటప్పుడు అరచేతుల్లో ఆ కవరు బరువు ఉండేదని మాత్రం చెప్పగలదు.

కవరు లాగేసింది. దుమ్ము లేదు, ఉండదు, అన్నిటికంటే ఎక్కువగా తుడిచింది దీన్నే. యంత్రాలు మార్చిన ప్రతిసారీ ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అని ఆమెనే అడిగేవారు, తొమ్మిది బాగుంది సార్ అని ప్రతిసారీ చెప్పేది. పచ్చి అబద్ధం. దాని A మీట బిగుసుకుపోయి పదేళ్లయింది, పిల్లలు దాని ముందు కూర్చోవడానికే ఇష్టపడరు, ల్యాబక్కా దీన్ని సంతకి తోలెయ్ అనేవాళ్లు. ప్లగ్గు పెట్టింది. స్విచ్చి వేసింది. లోపలి ఫ్యాను ముసలి దగ్గు దగ్గి తిరగడం మొదలుపెట్టింది, తెర మీద తెల్లటి అక్షరాలు పైకి పాకుతున్నాయి, ఎంతసేపు పడుతుందో ఆమెకు తెలుసు, ఊరికే నిలబడి రెండు నిమిషాలు, అంతలో మనసు ఎక్కడికి పోకూడదో అక్కడికే పోతుంది.

ఆ వారం అందరికీ తెలుసు మాస్టారికి దూరంగా ఎక్కడో పెద్ద కాలేజీలో ఉద్యోగం వచ్చిందని. వెళ్లేదీ లేనిదీ వారం రోజుల్లో చెప్పాలట. గుమాస్తా ఆమెకు చెప్పాడు, ఊడుస్తున్న చీపురు ఆపి వింది, మళ్లీ ఊడ్చింది. రెండు సాయంత్రాలు కవర్లు కప్పేటప్పుడు ఆయన ఎక్కువసార్లు ఆగిపోయాడు, తొమ్మిదోది అలాగే ఉంచి పదమూడు కవర్లు ఆమే కప్పాల్సొచ్చింది. మూడో సాయంత్రం జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి తొమ్మిదో నంబరు మీద పెట్టాడు. "ఇన్‌ఛార్జిగారూ, ఇన్నేళ్లుగా అందరి ప్రోగ్రాములూ చూస్తున్నారు, మీరొకటి రాయరా? ఇది టైపు చేసి, రన్ చేసి, ఏమందో రేపు నాకు చెప్పండి." "నాకేం వచ్చు సార్, పదో తరగతి." "చూసి టైపు చేయడమే. నేను ఉండను, మీరు ఒక్కరే చేయండి." అప్పుడు కూడా నవ్వలేదు ఆయన. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఆమె చూసింది ఆ చెవుల్ని, చూసి, ఎండ అనుకుంది. సాయంత్రం ఆరింటికి ఎండేమిటే మొద్దూ అని ఇప్పుడు తనని తానే తిట్టుకుంటుంది.

ఒక్కో అక్షరం వెతికి వెతికి కొట్టింది ఆ రోజు. నాలుగు వరసలు ఇంగ్లీషు, మధ్యలో పన్నెండు అంకెలు, ఎనభై ఐదు, డెబ్భై ఎనిమిది, అరవై ఎనిమిది, అరవై ఐదు, ఇలా. ఎన్ని సెమికోలన్లు ఉన్నాయో వేలు పెట్టి లెక్కపెట్టింది, మాస్టారి ముందు సెమికోలన్ పోగొట్టుకోవడం కంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు. పిల్లలు నొక్కే రెండు మీటలు కలిపి నొక్కింది. తెర మధ్యలో చిన్న పెట్టె వచ్చింది. తప్పులు సున్నా, హెచ్చరికలు సున్నా, విజయం, ఏదో ఒక మీట నొక్కండి. ఎంత సంబరమో. పదో తరగతి ఫలితాలప్పుడు కూడా అంత సంబరపడలేదు. ఏదో ఒక మీట నొక్కింది, యంత్రం ఆపింది, ఆరేళ్లలో మొదటిసారి తొమ్మిదో నంబరు కవరు ఒక్కతే కప్పింది, నాలుగు కొసలూ తనే తిరిగి తిరిగి సర్దింది. రోజూ యంత్రాల స్థితి రాసే రిజిస్టరులో ఆ తేదీన, తొమ్మిదో నంబరు ఎదురుగా, తప్పులు అనే గడిలో గుండ్రంగా, ముత్యంలా సున్నా చుట్టి సంతకం పెట్టింది.

పొద్దున్నే ఎనిమిదింటికే వచ్చేశాడాయన. బ్యాచి తొమ్మిదింటికి. గుమ్మంలోనే అడిగాడు, "చేశారా?" "చేశాను సార్." "ఏమంది?" ఆ అడగడంలో గొంతు పైకి పోయింది, వయసు పిల్లాడి గొంతులా. ఆమె గర్వంగా చెప్పింది, ఆ గర్వాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం చచ్చిపోతుంది, "తప్పులేమీ లేవంది సార్." ఆయన అలా చూశాడు. "అంతేనా?" "అంతే సార్." "ఇంకేమీ..." "ఇంకేముంటుంది సార్?" బల్ల మీద సుద్దముక్క తీసి రెండుగా విరిచి రెండూ అక్కడే పెట్టాడు. "సరేనండి. మంచిది" అన్నాడు. ఆ సాయంత్రం కవర్లు కప్పేటప్పుడు ఎక్కడా ఆగలేదు, టకటకా కప్పుకుంటూ వచ్చాడు, ఇద్దరూ సరిగ్గా నడిమధ్యలో కలిశారు, తొమ్మిదోది ఆయన ఒక్కడే ఎప్పుడో కప్పేశాడు. వారం తిరక్కుండా వెళ్లిపోయాడు. వీడ్కోలు సభలో దండ వేయడానికి కుర్చీ తెచ్చింది ఆమే, దండ వేసింది ప్రిన్సిపాలు.

తెర మీద ప్రోగ్రాములు రాసే నీలం వచ్చింది. ఎన్ని వేల గంటలు చూసిందో ఈ నీలాన్ని, ఎవరెవరి భుజాల మీదుగానో. కూర్చుంది. ఈ కుర్చీలో కూర్చోవడం ఇది రెండోసారి. అక్క అంటూ ఉంటుంది, నీకు నోట్లో నాలుక లేదే, అడగందే అమ్మైనా పెట్టదు, నువ్వేమో పెట్టినా తినవు. అక్కా బావల ఇంట్లోనే ఆమె ఉండటం, వెనక గది, కిటికీ, మేనకోడలి పాత బల్ల. మాస్టారి పెళ్లి కార్డు ఏడాదికి వచ్చింది, ల్యాబు సిబ్బందికి అని చిరునామా, లోపల పెళ్లికూతురి పేరు బంగారు అక్షరాలతో. అందరూ కలిసి ఏదో కానుక పంపారు, అందులో ఆమె సంతకం కూడా ఉంది, అందరికంటే కింద. కార్డు ఇంటికి తీసుకెళ్తే అక్క ఇటూ అటూ తిప్పి చూసింది. "ఎవరే ఈయన?" "మా ల్యాబులో మాస్టారు." "మరి నీ మొహం అలా వాడిపోయిందేం?" "తలనొప్పి." అక్క దీపం ఆర్పి తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. అంత గట్టి నోరున్న మనిషి అడగకుండా వెళ్లిందంటే అర్థమైందనే. ఆ రాత్రి ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది, ఆయన ఏమీ అనలేదు, నేనేమీ అనలేదు, ఎవరి దోవ వారిది, తప్పు ఎవరిదీ లేదు. తప్పులు సున్నా.

తెలియకపోతే ఆ మాట మీదే హాయిగా బతికేసేది. మరుసటేడు కొత్త మేడం వచ్చింది, సన్నగా, చురుగ్గా, పిల్లల వయసే ఉంటుందేమో. ఆమె కిటికీ చువ్వలు తుడుస్తుంటే మేడం మొదటి పాఠం చెబుతోంది. "కంపైల్ అయిపోతే అంతా అయిపోయిందనుకోకండర్రా. కంపైల్ అంటే ఉత్తరంలో తప్పులున్నాయేమో చూడటం, అంతే. రన్ చేస్తేనే ఉత్తరం చదివినట్టు." చేతిలో గుడ్డ ఆగిపోయింది. చువ్వ పట్టుకుని నిలబడిపోయింది, మూడో బల్ల పిల్ల ల్యాబక్కా ఏమైంది అనేదాకా. అయితే తను చేసిందేమిటి, ఉత్తరంలో అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయని చూసి, మళ్లీ కవరులో పెట్టేసి, రాసినాయన దగ్గరికే వెళ్లి బాగుందండీ అని చెప్పింది. ఇరవైమంది పిల్లలు రోజూ ఆ మీటలూ నొక్కుతారు, ఈ మీటలూ నొక్కుతారు, చూస్తూనే ఉంది, రెండూ ఒకటే పని అనుకుంది. ఆ సాయంత్రమే నడిపి చూడొచ్చు. చూడలేదు. అప్పటికి ఆయన పెళ్లయి ఏడాది, తెలుసుకుని ఏం చేసుకుంటుంది, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేగా. అదొక్కటే కాదు, నిజం చెప్పాలంటే భయం. అందులో ఏమీ లేకపోతే? నమస్కారం అనో, శుభాకాంక్షలు అనో, పిల్లలందరికీ ఇచ్చేదే తనకీ ఇచ్చి ఉంటే? నడపనంతకాలం అందులో తనకు కావలసినది ఉంది. తొమ్మిదేళ్లు దాని మీద దుమ్ము తుడుచుకుంటూ బతికింది. ఆ అంకెల గుట్టు కూడా విప్పుకోవచ్చు, ఏ అక్షరానికి ఏ అంకె అని గోడ మీద పట్టిక వేలాడుతూనే ఉండేది, దాని ముందు నుంచి వెళ్లేటప్పుడు తల దించుకునేది. కాని ఒక్క అంకె పిల్లలు అరిచి అరిచి వల్లెవేయడం వల్ల చెవిన పడిపోయింది, అరవై ఐదు అంటే A. కాగితంలో అరవై ఐదులు నాలుగు. నాలుగు Aలు ఉన్న మాట. ఎన్ని మాటలు పేర్చుకుందో వంటింట్లో, బస్సులో, స్నానాల గదిలో, తన పేరు కూడా పేర్చి చూసింది, సరిపోలేదు.

పది నలభై. నాలుగు తీసేస్తే ముప్పై ఆరు. ఫైలు అక్కడే ఉంది, తన చేతిరాతను చూసినట్టే ఉంది, ఒక వరస కాస్త లోపలికి, ఒక వరస బయటికి. అంకెలు అవే. పిల్లలకు చెప్పినట్టే తనకూ చెప్పుకుంది, ఏం కాదు, పేలదు. రన్ మీటలు నొక్కింది. తెర నల్లగా మెరిసి, మూలన తెల్లగా ఏదో కదిలి, రెప్ప వేసేలోపు మళ్లీ నీలం. ఏదీ? మళ్లీ నొక్కింది. నలుపు, తెలుపు, నీలం. మూడోసారి రెప్ప వేయకుండా చూసింది, కళ్లల్లో నీళ్లు వచ్చాయి, చివర ప్రశ్నార్థకం లాంటిది ఒకటి కనిపించింది, అదీ అనుమానమే. నడుస్తోంది. తన మాట తను అనేసి వెళ్లిపోతోంది. ఆగడం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆగే వరస. చివర్లో ఆ ఒక్క వరస రాయకపోతే యంత్రం ఎవరికోసమూ ఆగదర్రా, ఎదుటి మనిషి చదివి మీట నొక్కేదాకా ఆగమని మీరే దానికి చెప్పాలి, అని మాస్టారు ప్రతి బ్యాచికీ చెప్పేవాడు, అది రాయని పిల్లలకు అర మార్కు కోసేవాడు, మొహమాటం లేకుండా. కాగితం విప్పింది. రిజిస్టరులో ఆ పేజీలోనే పదకొండేళ్లూ ఉంది. లేదు, ఆగే వరస ఆయనే రాయలేదు. మరిచిపోయాడా? ఆయనా? లేక కావాలనే వదిలేశాడా, చూస్తే చూసింది, చూడకపోతే మెరిసి పోతుంది, రేపు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి ఇబ్బంది ఉండదని? అడగడానికి ఇంత జంకిన మనిషి తననెందుకు ధైర్యవంతురాలు అనుకున్నాడో. కోపం వచ్చింది, పదకొండేళ్లలో మొదటిసారి ఆయన మీద కోపం వచ్చింది, నోటితో అడిగితే ఏం పోయింది మాస్టారూ, కవరు వదలమంటారా అని రోజూ అడిగిన నోరేగా. కోపంలోనే కర్సరుని చివరికి దింపి, నల్లబల్ల మీద వెయ్యిసార్లు తుడిచిన ఆ వరసని తనే టైపు చేసింది. getch, బ్రాకెట్టు, బ్రాకెట్టు. ఎవరూ రాసివ్వకుండా తను రాసిన మొదటి వరస. నొక్కింది. పెట్టె వచ్చింది. తప్పులు ఒకటి. ఏమిటా అని చూస్తే వరస చివర సెమికోలన్ లేదు. ఖాళీ గదిలో గట్టిగా నవ్వేసింది. గది ఆ చివర ఎవరూ లేరు పట్టుకోవడానికి. నవ్వుతూనే సెమికోలన్ పెట్టింది, నవ్వుతూనే మళ్లీ నొక్కింది.

తెర నల్లబడింది. నల్లగానే ఉంది. ఎడమ మూలన, పైన, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట.

UNDAMANTARA?

ఉండమంటారా. కూడబలుక్కుని ఒకసారి చదివింది, కూడబలుక్కోకుండా ఒకసారి చదివింది. పక్కన గీత మినుకుమంటోంది, ఆగి ఉంది, చదివి మీట నొక్కేదాకా ఎంతసేపైనా ఆగుతుంది. ఉండమంటే ఉండేవాడు. ఆయన అడిగాడక్కా. అడగందే అమ్మైనా పెట్టదన్నావుగా, అడిగాడు, నేనే పెట్టలేదు. ఏమంది అని అడిగితే తప్పుల్లేవంది అన్నాను, అంతేనా అంటే అంతే అన్నాను, ఇంకేముంటుంది సార్ అన్నాను, ఎర్రబడ్డ చెవులతో తెల్లవారేదాకా మేలుకుని, గంట ముందే పరుగెత్తుకొచ్చిన మనిషిని పట్టుకుని ఇంకేముంటుంది అన్నాను. ఆయన ఏమనుకుని ఉంటాడు, చదివి కూడా చదవనట్టు ఎంత మర్యాదగా కాదంది అనుకుని ఉంటాడు. పదకొండేళ్లుగా అలాగే అనుకుంటున్నాడు. అందులో ఏమీ లేకపోతే అనుకుని భయపడింది ఇన్నాళ్లూ, ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించలేదు. ఏడుపు రాలేదు. అరచేతులు రెండూ కీబోర్డుకి అటూ ఇటూ బల్ల మీద ఆనించి కూర్చుంది, వాటిలో కవరు బరువు ఉంది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. పది యాభై ఆరు, నాలుగు తీసేస్తే యాభై రెండు, తొందరగానే వచ్చారు. గుమ్మంలో సామాను మోసే ఆయన, భుజాన మోకు, మొహం నిండా చెమట, వెనక ఇంకో ఇద్దరు. "ఇవేనా అమ్మా?" "ఇవే. అటు నుంచి మొదలుపెట్టండి, ఇరవై నుంచి." వాళ్లు ఎత్తడం మొదలుపెట్టారు. ఆమె రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. పదకొండేళ్ల కిందటి తేదీ, తొమ్మిదో నంబరు, తప్పులు అనే గడిలో ముత్యం లాంటి సున్నా. దాన్ని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన ఒకటి అని వేసింది. దిద్దినచోట సంతకం పెట్టాలన్నది ఆఫీసు నియమం, పెట్టింది. రిజిస్టర్లన్నీ చిత్తుకాగితాల కింద పోతాయి, పోనీ, లెక్క మాత్రం సరిగ్గా ఉండాలి.

ఇరవై పోయింది, పదిహేను పోయింది, పది పోయింది. సామానాయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తెర వంక చూశాడు. "ఇదింకా నడుస్తుందే! ఏంటమ్మా, ఏదో అడుగుతున్నట్టుంది?"

"అవును. మీట నొక్కాలి."

"ఏ మీట?"

"ఏదైనా ఒకటే దానికి."

"అయితే నొక్కెయ్యండమ్మా, కింద బండి దోవకి అడ్డంగా ఉంది."

ఏదైనా ఒకటే. పక్కనే పెద్ద మీట ఉంది, చెయ్యి ఆనితే చాలు. ఆమె వేలు ఎడమకి వెళ్లి, పదేళ్లుగా బిగుసుకుపోయిన Aని వెతుక్కుంది. అవును అనడానికి మొదటి అక్షరం, ఆమెకు తెలిసిన ఒకే ఒక్క అంకె. ఒకసారి నొక్కితే దిగలేదు. బొటనవేలు ఆనించి, లేచి నిలబడి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నొక్కింది. దిగింది.

తెర నీలమైంది. ఆమె స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, తీగ చుట్ట చుట్టి సామానాయన చేతికిచ్చింది. తర్వాత కవరు దులిపి, రెండు కొసలు తను పట్టుకుని, మిగిలిన రెండు కొసలు అతని వైపు చాపింది.

"కాస్త పట్టుకోండి, మడతపెట్టాలి."

అతను పట్టుకున్నాడు. మడత దగ్గరికొచ్చాక, "వదలమంటారా అమ్మా?" అన్నాడు.

ఆమె తన కొసలు రెండూ ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.